అడ్డదారి గాలి

మా బండి గాలి దొంగిలిస్తోందని ఆఫీసువాళ్ళు చెప్పేదాకా మాకు తెలియదు. అప్పటిదాకా మేము దాన్ని రబ్బరు పగిలిన బండి అనుకున్నాం.

మాది రావులమెట్ట. పల్లె అందామంటే బస్టాండు ఉంది. పట్నం అందామంటే ఆ బస్టాండులోకి రోజూ ఒకటే బస్సు వస్తుంది. మా ఆయన బ్రహ్మయ్య బండి వెనక కోడిగుడ్ల అట్టలు కట్టుకొని చుట్టుపక్కల ఊళ్ళ కొట్లకి వేసొస్తాడు. మా పాప జోషితకి మూడేళ్ళు. దానికి ఆయాసం. మబ్బు పట్టినా, చీపురు దుమ్ము లేచినా, పక్కింట్లో ఎండుమిరపకాయ వేగినా రొమ్ములో పిల్లికూతలు మొదలవుతాయి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల సందుల్లో గుంటలు పడతాయి. పిల్ల నిద్రపోతే తల్లులు పని చేసుకుంటారంటారు. నేను దాని రొమ్ము మీద చెయ్యి వేసుకొని కూర్చుంటాను.

మాకు ఇరవై రెండు కిలోమీటర్ల అవతల పట్నంలో పెద్దాసుపత్రి ఉంది. దానికి ఊపిరితిత్తుల డాక్టరమ్మ పదిహేను రోజులకొక గురువారం వస్తుంది. పన్నెండింటికల్లా కారెక్కి వెళ్ళిపోతుంది. మా బస్సు పన్నెండుంబావుకి దింపుతుంది. ఈ రెండు టైములూ ఎవరు పెట్టారోగానీ కూడబలుక్కుని పెట్టినట్టున్నారు. ఒకసారి ముందురోజే బస్సెక్కి పోయి ఆసుపత్రి వసారాలో పడుకున్నాం. ఆ దుమ్ముకీ చలికీ తెల్లారేసరికి పాపకి ముక్కుకి గొట్టం పెట్టాల్సొచ్చింది. పాప ఎమర్జెన్సీ గదిలో, డాక్టరమ్మ ఓపీ గదిలో. ఇద్దరూ కలుసుకోకుండానే పన్నెండు కొట్టింది.

మళ్ళీ రెండు నెలలు తిరిగితే పాప పేరు రాశారు. ఇంకో తొమ్మిది రోజుల్లో వచ్చే గురువారం, పొద్దున పదకొండింటికి. ఆ రోజు తప్పిపోతే పేరు మళ్ళీ జాబితా అడుక్కి పోతుంది. కాబట్టి మాకు కావాల్సింది ఒక్కటే. ఆ పొద్దున మా బండి కదలాలి.

సరిగ్గా అప్పుడు బండి పిచ్చిగా అరవడం మొదలుపెట్టింది. ఎక్సలేటరు వదిలేసినా అరుపు దిగదు. దిగువకి పోతుంటే ఫట్‌మని కొడుతుంది. మంగళవారం పొద్దున మెకానిక్కు ఖాజా అన్న షాపుకి తీసుకుపోయాం.

ఖాజావలి అన్న బండిని చూడలేదు. కళ్ళు మూసుకొని విన్నాడు.

"గాలి అడ్డదారిన వస్తోంది బ్రహ్మయ్యా" అన్నాడు. "ఫిల్టరు గుండా వచ్చి, కార్బరేటరులో పెట్రోలుతో కలిసి లోపలికి పోవాలి. ఈడ మధ్యలో ఏదో సందు దొరికింది దానికి. పెట్రోలు పలచనైపోయింది. ఇంక రేసు కాక ఏమవుద్ది."

"పెద్ద పనా అన్నా?" అన్నాను. "గురువారం పాపని ఆసుపత్రికి తీసుకుపోవాలి."

"పది నిమిషాలు. ముందు సందు ఏడుందో దొరకాలి. పాపని కొంచెం అవతలికి తీసుకుపో చెల్లెమ్మా, అగరొత్తి వెలిగిస్తా."

నేను పాపని ఎత్తుకొని రోడ్డుకి అవతల పక్క నిలబడ్డాను. ఖాజా అన్న బండి స్టార్టు చేసి, వెలిగించిన రెండు అగరొత్తులు ఇంజను చుట్టూ తిప్పాడు. పొగ నిటారుగా పైకి లేస్తోంది. కార్బరేటరుకీ ఇంజనుకీ మధ్య ఉండే నల్ల రబ్బరు దగ్గరికి రాగానే ఆ పొగ మెడ వంచి సన్నటి పగులులోకి సర్రున దూరిపోయింది.

"దొరికాడు దొంగ" అన్నాడు ఖాజా అన్న.

ఆ మాట వాయు సంరక్షణ శాఖవారి జీపు ఆగుతుండగా అన్నాడు.

ఈ శాఖ మా ఊళ్ళో కొత్త. పాత విత్తనాల గోడౌనుకి సున్నం వేసి బోర్డు పెట్టారు. 'మన గాలి మన చేతిలో' అని పక్షోత్సవాలు జరపమనీ, పదిహేను రోజుల్లో గాలిని కాపాడి నివేదిక పంపమనీ పైనుంచి ఉత్తరువు వచ్చిందట. ఆరు రోజులు అయిపోయాయి, గాలి ఇంకా దొరకలేదు. సంరక్షణాధికారి పానకాలరావు గారు ముక్కుకి చేతిగుడ్డ అడ్డం పెట్టుకొని జీపు దిగారు. వెనకాల సీనియర్ అసిస్టెంటు నాగరత్నం మేడం ఫైలుతో దిగింది.

పానకాలరావు గారు వంగి, పొగ పగుల్లోకి పోవడం చాలాసేపు చూశారు. ఆయన మాట్లాడితే గోడకి అంటించిన నోటీసు మాట్లాడినట్టే ఉంటుంది.

"ఈ వాహనము నిర్దేశిత మార్గమున కాక అన్య మార్గమున వాయువును స్వీకరించుచున్నది. రాసుకోండి మేడం. మెకానిక్కు సైతము దొంగ అని అంగీకరించినాడు."

"నేనన్నది సందు గురించి సార్" అన్నాడు ఖాజా అన్న. "ఇదిగో, రబ్బరు మారుస్తున్నా. పది నిమిషాలు."

"మార్చిన యెడల సాక్ష్యము ఏమగును?"

"ఏముంది సార్, పోద్ది. లీకూ పోద్ది."

"అదియే మేము అనుమతింపజాలనిది."

ఖాజా అన్న చేతిలో కొత్త రబ్బరు అట్టే ఉంది. బండికి కాగితం అంటించారు. ట్రాలీ ఆటో పిలిచి ఎక్కించారు. అగరొత్తులు కూడా సాక్ష్యమే కాబట్టి వాటినీ కవర్లో పెట్టారు. అవి వెలుగుతూనే ఉన్నాయి. కవరుకి కన్నం పడితే నాగరత్నం మేడం ఇంకో కవరు తీసింది.

"సార్, గురువారం పాపకి ఆసుపత్రి ఉందండీ" అన్నాడు మా ఆయన.

"గురువారమునకు ఇంకనూ తొమ్మిది దినములు కలవు. శాఖ అంత నిదానముగా పనిచేయదు" అన్నారు పానకాలరావు గారు. నాకు ధైర్యం వచ్చింది. పెద్దవాళ్ళు చెప్పిన మాట కదా.

మర్నాడు పాపని ఎత్తుకొని ఆఫీసుకి పోయాను. మా ఆయన గుడ్ల అట్టలు సైకిలు మీద పెట్టుకొని పోయాడు. నాగరత్నం మేడం మంచి మనిషే. కూర్చోమని స్టూలు చూపించి, తినబోతున్న ఉప్మాలో పాపకి కొంచెం పెట్టింది. పెడుతూనే వివరం చెప్పింది.

"చూడమ్మా, బండి విడుదల కావాలంటే రిపేరు అయినట్టు సర్టిఫికెట్టు కావాలి. రిపేరు చేయాలంటే పర్మిషన్ కావాలి. పర్మిషన్ ఇవ్వాలంటే లీకు ఉన్నట్టు మా శాఖ నిర్ధారించాలి."

"నిన్న సారు కళ్ళారా చూశారు కదండీ."

"అది క్షేత్ర స్థాయిలో చూడ్డం. నిర్ధారణ అంటే కార్యాలయంలో చూడ్డం."

నాకు ఎనిమిదో తరగతి దాకే చదువు. తొమ్మిదిలో ఈ తేడా చెప్తారేమో అనుకున్నాను.

శుక్రవారం పరీక్ష పెట్టారు. దానికి ధూప పరీక్ష అని పేరు. గోడౌను మధ్యలో మా బండిని నిలబెట్టి, చుట్టూ ముగ్గుపిండితో గీత గీశారు. ఖాజా అన్నని సాక్షిగా పిలిపించారు. కాలిపోయిన పాత అగరొత్తుల బదులు టెండరు పిలిచి కొత్త కట్ట తెప్పించారు. మల్లెపూల వాసనది. నేను పాపని కిటికీ దగ్గర పెట్టుకొని, దాని ముక్కుకి నా కొంగు అడ్డం పెట్టాను.

పానకాలరావు గారు అగరొత్తి వెలిగించి రబ్బరు దగ్గర పెట్టారు.

"సార్, ఇంజను స్టార్టు చేయాలి" అన్నాడు ఖాజా అన్న.

"ఇంజను నడుపుట యనగా వాయు వినియోగము. ఇది వాయు సంరక్షణ కార్యాలయము. ఈ ఆవరణలో వాయు వినియోగము నిషిద్ధము."

"తిరక్కపోతే అది పీల్చదు సార్. పీల్చకపోతే లీకు ఎట్టా కనపడుద్ది? మనిషిని పడుకోబెట్టి నడక బాగుందా లేదా అని చూసినట్టుంటది."

"మీరు సాక్షి. సలహాదారు కాదు."

పొగ నిటారుగా పైకి పోయింది. బండికి ఎడమ పక్క పెట్టారు, పైకి పోయింది. కుడి పక్క పెట్టారు, పైకి పోయింది. ఒకసారి మాత్రం పానకాలరావు గారు బాగా వంగినప్పుడు ఆయన ముక్కులోకి పోయింది. నాగరత్నం మేడం అదీ రాసుకుంది, 'ధూమము అధికారి నాసిక వైపు మరలినట్లు గమనించడమైనది' అని. తుమ్ములయ్యాక సారు పైకి చదివించి అది కొట్టేయించారు.

"లీకు లేదు" అన్నారు.

నాకు సంతోషమైంది. "అయితే బండి ఇచ్చేస్తారా సార్?"

పానకాలరావు గారు ఆలోచనలో పడ్డారు. ఆ ఆలోచనే మా ఊరి కొంప ముంచింది.

"మంగళవారము లీకు కలదు. శుక్రవారము లేదు. మధ్యన మరమ్మతు జరుగలేదు. అనగా ఏమి జరిగినది మేడం?"

నాగరత్నం మేడం పెన్ను మూత తీసింది.

"మూడు దినములు మన సంరక్షణలో ఉన్నది. సంరక్షణ వలననే లీకు స్వయముగా మాయమైనది."

ఖాజా అన్న నోరు తెరిచి, తాను సాక్షి మాత్రమేనని గుర్తొచ్చి మూశాడు.

"మరి ఇచ్చేయండి సార్, నయమైంది కదా" అన్నాను.

"ఇచ్చిన యెడల మరల లీకు రాదని హామీ ఎవరిచ్చెదరు? వాహనము ఎక్కడ లీకు లేకుండా ఉన్నదో అక్కడనే ఉండుట దానికి క్షేమము."

ఆ సాయంత్రానికే సర్క్యులరు వెళ్ళింది. సోమవారానికి పైనుంచి మెచ్చుకోలు వచ్చింది. ఒక్క వాహనం మీద ఇంత ఫలితం వస్తే అన్ని వాహనాల మీద ఎంత రావాలని అడిగారు. దాంతో జీపు ఊరి మీద పడింది. ఏ బండి కొంచెం అరిచినా పట్టుకొచ్చారు. పట్టుకొచ్చిన బండినల్లా ఇంజను ఆపి ధూపం వేశారు. ఒక్క దానికీ లీకు లేదు. నూటికి నూరు శాతం. రెండు రోజుల్లో రెండు వందల పన్నెండు బండ్లు, ఏడు ఆటోలు బాగుపడి గోడౌనులో నిలబడ్డాయి. బయట పాలవాళ్ళు క్యాన్లు నెత్తిన పెట్టుకొని నడుస్తున్నారు. మా ఆయన సైకిలుని కూడా ఒక పూట ఆపారు. ట్యూబుల్లో గాలి నిల్వ చేస్తున్నాడని అనుమానం. నిల్వ వేరే సెక్షనులోకి వస్తుందని నాగరత్నం మేడం సర్దిచెప్పి వదిలించింది.

నేను రోజూ పోతూనే ఉన్నాను. ఇంటి దగ్గర పాపని వదిలే దిక్కులేదు, దాన్నీ తీసుకుపోతాను. గోడౌను నిండా మల్లెపూల పొగ. కిటికీ దగ్గర నిలబడ్డా పొగే. మంగళవారం మధ్యాహ్నం పాపకి పట్టేసింది. మెడ కింద గుంట పడింది, పెదాలు ఆరిపోయాయి. నోరు తెరుచుకొని గాలి కోసం ఎగబీలుస్తోంది. నేను వీపు రాస్తూ మెట్ల మీద కూర్చున్నాను. పానకాలరావు గారు బయటికొస్తూ ఆగారు.

"ఈ శబ్దము ఎక్కడిది?"

"మా పాపదండీ. ఆయాసం. ఎల్లుండి డాక్టరమ్మకి చూపించాలండీ, దయచేసి బండి ఇప్పించండి."

ఆయన వంగి పాపని చూశారు. మా బండిని చూసినట్టే చూశారు.

"గాలి ఏ మార్గమున స్వీకరించుచున్నది?"

"ముక్కుతోనండీ. ముక్కు బిగిసినప్పుడు నోటితో."

"రెండు మార్గములు" అన్నారాయన, మేడం వైపు తిరిగి.

పాప మొహాన్ని నా మెడలో దాచుకున్నాను. నాగరత్నం మేడం పెన్ను తీయలేదు. "సార్, మనుషులు మన పరిధిలోకి రారు" అంది మెల్లగా.

"అవును" అన్నారు పానకాలరావు గారు. "ప్రస్తుతమునకు."

ఆయన జీపెక్కి పోయారు. నేను ఆవరణ దాటేదాకా పాప మొహం బయటికి తియ్యలేదు. ఇంటికొచ్చాక పొయ్యి మీద నీళ్ళు పెట్టి ఆవిరి పట్టిస్తే సాయంత్రానికి కొంచెం తెరిపిచ్చింది. మా ఆయన గడపలో కూర్చొని సైకిలు చైను వంక చూస్తున్నాడు.

"సైకిలు మీద తీసుకుపోదామే" అన్నాడు. "పొద్దున్నే బయల్దేరితే..."

"ఇరవై రెండు కిలోమీటర్లు ఎదురుగాలికి. పాప తట్టుకుంటుందా?"

"మరేం చేద్దాం? ఆయన మాట వినేరకం కాదు."

"ఆయన మాటే ఆయనకి చెప్తే వింటాడేమో" అన్నాను.

అంతకుముందు పెద్దవాళ్ళతో అట్లా మాట్లాడే ధైర్యం నాకు లేదు. ఆ 'ప్రస్తుతమునకు' అన్న మాట విన్నాక వచ్చింది. బుధవారం పొద్దున పాపని మా ఆయన దగ్గర వదిలి ఒక్కదాన్నే ఆఫీసుకి పోయాను. పానకాలరావు గారు పక్షోత్సవాల ముగింపు గురించి దిగులుగా ఉన్నారు. మర్నాడే ముగింపు. పట్నంలో మైదానంలో సభ. ముఖ్య అతిథి వస్తారు. చూపించడానికి గాలి తప్ప ఇంకేమీ లేదు, గాలి కనపడదు.

"సార్" అన్నాను, "రెండు వందల పన్నెండు బండ్లు బాగుపడ్డాయి. ఈ గోడౌనులో ఉంటే ఎవరికి తెలుస్తుందండీ? పట్నం దాకా వరసగా పోతే నలుగురూ చూస్తారు. మీ సంరక్షణ ఎట్లాంటిదో ముఖ్య అతిథి గారికి కళ్ళకి కనపడుద్ది."

ఆయన తలెత్తారు.

"యజమానులు కూడా కుటుంబాలతో కూర్చుంటే ఫోటో బాగుంటదండీ" అన్నాను. "పిల్లాపాపలతో."

"లబ్ధిదారులు" అన్నారు పానకాలరావు గారు. ఆ మాట ఆయన నోట్లో బెల్లంముక్కలా తిరిగింది. "మేడం, రాసుకోండి. నిర్దోష వాహన ప్రదర్శన యాత్ర. ఆవరణ వెలుపల వాయు వినియోగమునకు ఒక దినము సడలింపు."

నాగరత్నం మేడం రాసుకుంటూ నా వైపు చూసింది. కళ్ళతో నవ్విందో, నాకట్లా అనిపించిందో తెలియదు. "ఎన్నింటికి బయల్దేరితే బాగుంటుందమ్మా?" అని అడిగింది నన్ను.

"తొమ్మిదిన్నరకండీ" అన్నాను.

గురువారం బండ్లన్నీ గేటు బయట వరస కట్టాయి. ప్రతి బండికీ బంతిపూల దండ, ముందు 'నేను నిర్దోషిని' అని అట్టముక్క. మా బండికి మొదటి వరసలో చోటిచ్చారు, మొదటగా నయమైంది కాబట్టి. పాపకి మొహం చుట్టూ పల్చటి గుడ్డ కట్టి నా ఒళ్ళో పెట్టుకున్నాను. ముందు టాపు లేని జీపులో పానకాలరావు గారు పచ్చజెండా పట్టుకొని నిలబడ్డారు. యాత్ర గంటన్నర నిదానంగా సాగుతుందని మైకులో చెప్పారు.

అందరూ ఒకేసారి కిక్కు కొట్టారు.

రెండు వందల పన్నెండు బండ్లు. దేని లీకు దానికి అట్టే ఉంది. ఆ అరుపుకి గోడౌను రేకుల మీది పావురాలు లేచిపోయాయి. ఖాజా అన్న షాపు మెట్టు మీద నిలబడి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. ఆయన చెవులు అట్లాంటి చప్పుడు తట్టుకోలేవు.

"వినుడు" అన్నారు పానకాలరావు గారు మైకులో. "ఎంతటి ఆరోగ్యముతో గర్జించుచున్నవో."

యాత్ర కదిలింది. నిదానంగా పోవాలని అందరికీ ఉంది. బండ్లకి లేదు. ఎక్సలేటరు వదిలేసినా దిగని బండ్లు అవి. రెండో కిలోమీటరుకల్లా మేము జీపు వెనక చక్రాల దాకా వచ్చేశాం. డ్రైవరు అద్దంలో చూసి బెదిరి స్పీడు పెంచాడు. మేమూ పెంచాం, పెంచకుండానే. జెండా ఊపుతున్న పానకాలరావు గారు ముందు ఒక చేత్తో కమ్మీ పట్టుకున్నారు, తర్వాత రెండు చేతులతో పట్టుకున్నారు. జెండా గాలికి ఎటో పోయింది.

"బ్రేకు వెయ్యవయ్యా" అన్నాను మా ఆయన చెవిలో.

"బ్రేకు మీదే ఉన్నానే" అన్నాడు.

పాప గుడ్డలోంచి మొహం బయటికి పెట్టి నవ్వుతోంది. నేను దాని రొమ్ము మీద చెయ్యి తియ్యలేదు.

గంటన్నర యాత్ర ముప్పై అయిదు నిమిషాల్లో అయిపోయింది. మైదానంలో ఇంకా కుర్చీలు దించుతున్నారు. ముఖ్య అతిథి గారు అప్పటికి స్నానం చేస్తున్నారట. మైదానానికి ఎదురుగా ఆసుపత్రి గేటు. మా ఆయన దండతో, అట్టముక్కతో సహా బండిని అందులోకి తిప్పేశాడు. పదీ పది అయింది.

పదకొండింటికి పాప పేరు పిలిచారు. డాక్టరమ్మ గొట్టం పెట్టి ముందూ వెనకా విన్నది. పాప చొక్కా ఎత్తి పక్కటెముకలు చూసింది. పీల్చే మందూ, అది బిగించే ప్లాస్టిక్ గొట్టమూ తీసి ఎట్లా పీల్పించాలో మూడుసార్లు నా చేత చేయించింది. పదిహేను రోజులకి తప్పకుండా మళ్ళీ తీసుకురమ్మంది.

"పొగ అస్సలు తగలకూడదమ్మా" అంది. "అగరొత్తులు, దోమల చుట్టలు, ఏదీ. బాగా పొగ పీల్చినట్టుంది. ఈ వారమంతా పాపని ఎక్కడ ఉంచారు?"

"వాయు సంరక్షణ కార్యాలయంలోనండీ" అన్నాను.

డాక్టరమ్మ పెన్ను ఆపి నా మొహం చూసింది. తర్వాత మళ్ళీ రాసుకుంది.

సభ బాగా జరిగిందట. బండ్ల వేగాన్ని చూసి ముఖ్య అతిథి గారు, సంరక్షణ వల్ల వాహనాలకి బలం కూడా వస్తుందని కనిపెట్టారు. పానకాలరావు గారికి శాలువా కప్పారు. ఆ ఊపులో బండ్లన్నీ ఎవరివి వాళ్ళకి ఇచ్చేయమన్నారు. సోమవారం మా ఇంటికి సర్టిఫికెట్టు వచ్చింది. మా ఆయనా నేనూ కలిసి చదువుకున్నాం.

'మీ వాహనమునందు లీకు లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. ధ్రువీకరింపబడిన స్థితిలో ఎట్టి మార్పు చేసినను, మరమ్మతు చేసినను, శాఖ నిర్ణయమును ప్రశ్నించినట్లుగా భావించి వాహనము మరల సంరక్షణలోనికి తీసుకొనబడును.'

మా ఆయన కాగితం పట్టుకొని ఖాజా అన్న దగ్గరికి పోయాడు. నేనూ పోయాను.

"నేను ముట్టుకోను బ్రహ్మయ్యా" అన్నాడు ఖాజా అన్న. షాపుకి ఎదురుగా కుర్చీ వేసుకొని శాఖవారి మనిషి కూర్చున్నాడు. "ఆడ చూడు. నేను పానా పట్టుకున్నా రాసుకుంటున్నాడు."

"ఇట్టాగే తిప్పితే ఏమవుద్ది అన్నా?" అని అడిగాను.

"వేడెక్కి వేడెక్కి ఒకరోజు పిస్టను పట్టేస్తది. ఎన్నాళ్ళు తిరుగుద్దో చెప్పలేను. వారమో, పది రోజులో."

డాక్టరమ్మ పదిహేను రోజులకి రమ్మంది.

నేను పాపని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాను. ఖాజా అన్న లోపలికి పోయి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పాప చేతిలో బిస్కెట్టు పొట్లం పెట్టాడు. "పాపకి" అన్నాడు, ఎదుటి కుర్చీకి వినపడేట్టు. పొట్లం బిస్కెట్ల కన్నా బరువుగా ఉంది. "చేతులు సన్నగా ఉన్నోళ్ళు చేస్తే సులువు చెల్లెమ్మా" అన్నాడు, వినపడకుండా.

మధ్యాహ్నం బండిని వంటింట్లోకి ఎక్కించి తలుపు వేశాం. సారా కాచేవాళ్ళు కూడా అంత భయపడరేమో. మా ఆయన చెయ్యి కార్బరేటరు వెనక్కి పట్టలేదు, నా చెయ్యి పట్టింది. ముందు పెట్రోలు కట్టేశాం. క్లాంపు వదులు చేసి కార్బరేటరుని వెనక్కి లాగి పట్టుకోమన్నాను మా ఆయన్ని. రెండు బోల్టులు విప్పితే పాత రబ్బరు ఊడొచ్చింది. చేత్తో వంచితే కింద పక్క నోరు తెరిచింది. ఇంత పగులు. పాప వేలు పట్టదు అందులో. దాని కోసం ఊరంతా నడిచింది.

"ఎడమకి తిప్పవే, ఎడమకి" అంటున్నాడు మా ఆయన.

"నీ ఎడమా నా ఎడమా?"

"నోరు మూసుకొని పని చూడు, రోడ్డు మీద ఎవరో పోతున్నారు."

అడుగులు దూరమయ్యాయి. బిస్కెట్టు పొట్లంలో వచ్చిన సన్న రింగు గాడిలో కూర్చోబెట్టి, అందులోనే వచ్చిన కొత్త రబ్బరు పెట్టి, రెండు బోల్టులూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాను. వీధి తలుపు బార్లా తెరిచి, పొగ తగలకుండా పాపని ముందు వసారాలో కూర్చోబెట్టాక మా ఆయన స్టార్టు చేశాడు. అగరొత్తి ఇంట్లో లేదు, ఉన్నా వెలిగించేదాన్ని కాదు. సబ్బునీళ్ళు రబ్బరు చుట్టూ చల్లాను. సందుంటే నీళ్ళు లోపలికి పోయి చప్పుడు మారాలి, మారలేదు. ఎక్సలేటరు తిప్పి వదిలితే బండి బుద్ధిగా కిందికి దిగి, డుగ్ డుగ్‌మని నిలబడింది. మా ఆయన నా వైపు చూశాడు. నేను జిడ్డు చేతులు నా చీరకే తుడుచుకున్నాను.

అప్పుడు కొత్త భయం పట్టుకుంది. ఊళ్ళో సర్టిఫికెట్టు ఉన్న రెండు వందల పదకొండు బండ్లూ అరుస్తూ తిరుగుతున్నాయి. అరవని బండి మాదొక్కటే. వాయు సంరక్షణ ఆఫీసు గేటు దగ్గర ఇప్పుడు కుర్చీ వేసుకొని ఒక మనిషి కూర్చుంటున్నాడు, ఏ బండి చప్పుడు మారిందో వినడానికి.

డాక్టరమ్మ చెప్పిన గురువారం పొద్దున్నే బయల్దేరాం. పాప పీల్చే మందు నా జాకెట్లో పెట్టుకున్నాను. ఆఫీసు దగ్గర పడుతుంటే మా ఆయన క్లచ్చు నొక్కి ఎక్సలేటరు పూర్తిగా తిప్పి పట్టుకున్నాడు. బండి ఊరు ఎగిరిపోయేట్టు అరిచింది. కుర్చీలో మనిషి తలెత్తి చూసి, బాగుందన్నట్టు చెయ్యి ఊపాడు. మలుపు తిరిగాక మా ఆయన చెయ్యి వదిలేశాడు. చప్పుడు సద్దుమణిగితే పాప ఊపిరి నాకు వినపడింది.